అల్యూమినియం మిశ్రలోహాల కాలదృఢీకరణ: లేశమూలకాల పాత్ర

1. ప్రవేశిక

1906లో జర్మన్ లోహశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్, రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి, వెంటనే చల్లార్చి, కొన్ని రోజులు ఉంచగా దాని కాఠిన్యం పెరిగినట్లు గమనించారు. ఏజ్ హార్డెనింగ్‌గా ప్రసిద్ధమైన ఈ ప్రక్రియను తెలుగులో ‘కాలదృఢీకరణ’ అనవచ్చు. అత్యల్ప పరిమాణంలో చేర్చిన మూలకం దీనిని ఎలా మార్చగలదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రక్రియ స్వరూపం

4 శాతం రాగి గల అల్యూమినియాన్ని సుమారు 540 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే రాగి అందులో పూర్తిగా కరుగుతుంది. వెంటనే నీటిలో చల్లార్చితే, విడివడే వ్యవధి లేక లోపలే నిలిచిపోతుంది. తరువాత రాగి పరమాణువులు క్రమంగా చిన్న గుంపులుగా చేరతాయి. 1938లో ఆంద్రే గినియే, జార్జ్ ప్రెస్టన్ ఎక్స్-కిరణాల ద్వారా వేర్వేరుగా గుర్తించినవి ఈ గుంపులనే. స్ఫటికంలోని పొరలు జారకుండా ఇవి అడ్డుకోవడం వల్ల లోహం గట్టిపడుతుంది.

అయితే రాగి పరమాణువు కదలాలంటే పక్కన ఒక ఖాళీస్థానం ఉండాలి. అధిక ఉష్ణోగ్రతలో ఏర్పడిన ఖాళీస్థానాలు శీఘ్రంగా చల్లార్చినప్పుడు లోహంలోనే చిక్కుబడి, ఈ అవసరాన్ని తీరుస్తాయి.

3. స్వల్పం చాలడానికి కారణం

540 డిగ్రీల వద్ద ఖాళీస్థానాల సంఖ్య పదివేల స్థానాలకు ఒకటి అనే స్థాయిలో ఉంటుంది. బరువులో 0.05 శాతం తగరం చేర్చితే, సుమారు 8,500 పరమాణువులకు ఒక తగరపు పరమాణువు ఉంటుంది. రాగితో పోలిస్తే ఇది అత్యల్పం. ఖాళీస్థానాలతో పోలిస్తే దాదాపు సమానం. తగరానికి ఖాళీస్థానాలతో బలమైన బంధం ఉండటం వల్ల, వాటిని పట్టి ఉంచి రాగి కదలికను మందగింపజేస్తుంది. అందుచేత గది ఉష్ణోగ్రతలో గట్టిపడటం ఆలస్యమవుతుంది. కాడ్మియం, ఇండియం కూడా ఇదే తీరున పనిచేస్తాయి.

4. ఉష్ణోగ్రతతో మారే ఫలితం

అదే లోహాన్ని 150 నుండి 200 డిగ్రీల మధ్య ఉంచితే ఫలితం తారుమారవుతుంది. తగరపు సూక్ష్మకణాలను ఆశ్రయించి రాగి అవక్షేపాలు అధికసంఖ్యలో, సన్నగా ఏర్పడతాయి. దృఢత్వం త్వరగా, అధికంగా వస్తుంది. వెండి మార్గం వేరు. రాగి, మెగ్నీషియం గల మిశ్రలోహంలో అది మెగ్నీషియంతో జతకూడి, అవక్షేపాలు మరొక స్ఫటికతలంపై ఏర్పడేందుకు తోడ్పడుతుంది. వెండి ప్రభావాన్ని ఇయాన్ పోల్మియర్ 1960లలో పరిశోధించారు.

5. ముగింపు

ఒకే మూలకం ఒక ఉష్ణోగ్రతలో అవరోధం, మరొక ఉష్ణోగ్రతలో ప్రేరకం. కనుక లేశమూలకాన్ని మాలిన్యంగానో మేలిచేర్పుగానో ముందే నిర్ణయించడం తగదు. పాత అల్యూమినియాన్ని కరిగించి తిరిగి వాడేటప్పుడు ఇలాంటి మూలకాలు వెంట వస్తాయి. అప్పుడు రసాయన విశ్లేషణ ఒక్కటే చాలదు. ఆ లోహాన్ని ఏ ఉష్ణోగ్రతలో, ఎంతకాలం ఉంచుతారన్నది కూడా పరిగణించాలి.