‘కొద్దిగా’ అంటే ఎంత?

పదో తరగతి సైన్సులో ప్రాక్టికల్స్‌కు 25 మార్కులు. తిరువళ్లూరు, తిరుత్తణి వైపు మన తెలుగు మాధ్యమం పిల్లలకు ఆ రోజు ఇంకో చిక్కు ఉంటుంది. పరీక్షకు బయటి నుంచి వచ్చే ఉపాధ్యాయులకు తెలుగు రాకపోవచ్చు. అడిగి చెప్పించుకునే వీలుండదు. రికార్డు నోటులో రాసి నేర్చుకున్న ప్రయోగ విధానమే దిక్కు.

స్ఫటిక జలం ప్రయోగాన్నే తీసుకోండి. ‘కొద్దిగా మైలుతుత్తం తీసుకొని వేడిచేయవలెను. నీలిరంగు పోవును’ అని రాస్తే రెండు మార్కుల జవాబుకు సరిపోతుందేమో గానీ, ఆ రెండు వాక్యాలతో ఎవరూ ప్రయోగం చేయలేరు. కొద్దిగా అంటే ఎంత? పరీక్షనాళికను ఎలా పట్టుకోవాలి? ఎప్పుడు ఆపాలి?

ఇలా రాయించి చూడండి. తడి లేని పరీక్షనాళికలో అర చెంచా మైలుతుత్తం వేయాలి. పట్టకారుతో నాళికను అడ్డంగా, మూతి కాస్త కిందికి వంచి, మనుషులు లేని వైపుకు పట్టుకోవాలి. సన్నని మంటపై ఆడిస్తూ వేడిచేయాలి. మూతి దగ్గర నీటిబొట్లు కనిపిస్తాయి. పొడి తెల్లబడగానే మంట తీసేయాలి. పూర్తిగా చల్లారాక రెండు చుక్కల నీళ్లు వేస్తే మళ్లీ నీలం వస్తుంది.

మూతి కిందికి ఎందుకన్నది కూడా పక్కనే రాయాలి. పైకి పెడితే ఆ నీటిబొట్లే వెనక్కి జారి కాలిన గాజు మీద పడతాయి, నాళిక పగులుతుంది. కారణం తెలిసిన పిల్లవాడు ఆ మెట్టును మరిచిపోడు. మంట మరీ ఎక్కువైతే పొడి నల్లబడుతుంది, అదీ రాయాలి.

అన్నట్టు, మైలుతుత్తం తమిళంలోనూ మయిల్‌తుత్తమే. కాపర్ సల్ఫేట్ పక్కన ఈ మాట రాయిస్తే తమిళంలో చదువుకున్న తల్లిదండ్రులకూ తెలుస్తుంది.

రాసినది సరిగా ఉందో లేదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ఆ కాగితాన్ని ప్రయోగం ఎన్నడూ చూడని తొమ్మిదో తరగతి పిల్లకు ఇవ్వండి. ఉపాధ్యాయులు పక్కనే నిలబడాలి, ప్రమాదం తప్ప మరి దేనికీ నోరు విప్పకూడదు. ఆ పిల్ల ఎక్కడ ఆగి మన ముఖం చూస్తుందో అక్కడ ఒక వాక్యం తక్కువైనట్టే.

ఇంట్లో దీనికి మంట అక్కర్లేదు. పెసలు మొలకెత్తించడం ఎలాగో పిల్లలను రాయమనండి. ఎన్ని గింజలు, ఎన్ని గంటలు నానాలి, గుడ్డ ఎన్నిసార్లు తడపాలి? అమ్మ ఆ కాగితంలో ఉన్నట్టే చేయాలి, తనకు తెలిసినది కలపకూడదు. మొలకలు రాకపోతే పిల్లలు మళ్లీ రాసుకుంటారు.