ఉద్యోగార్థి వివరపత్రము

డిగ్రీ చివరి సంవత్సరపు పరీక్షలు ముగియగానే మన విద్యార్థులలో అనేకులు చేయు మొదటి పని, మేడ్చల్ బస్టాండు పరిసరములలోని ఏదో ఒక ఇంటర్నెట్ సెంటరునకు వెళ్ళి, "ఒక రెజ్యూమే చేసి ఇవ్వండి" అని అడుగుట. ఆ దుకాణదారు కంప్యూటరులో పూర్వమెవరో చేయించుకొన్న పత్రమొకటి సిద్ధముగా ఉండును. అతడు అందులో పేరు మార్చును, తండ్రి పేరు మార్చును, మార్కులు మార్చును, ముద్రించి చేతికిచ్చును. పది నిమిషములలో పని పూర్తియగును. అయితే ఆ పత్రము ఎవరిది? చూచుటకు మన విద్యార్థిది. చదువుటకు మాత్రము ఊరందరిది. సవాళ్ళతో కూడిన సంస్థలో చేరి, తన నైపుణ్యములను వినియోగించి, సంస్థాభివృద్ధితోపాటు తానును అభివృద్ధి చెందవలెనను ఆశయము అందరి పత్రములలోను ఒకే విధముగా మొదటి వరుసలో కనిపించును. అభిరుచులందు సంగీతము వినుట, క్రికెట్ ఆడుట తప్పవు. ఇట్టి పత్రములు వందలుగా వచ్చిపడుచోట ఒక అధికారి దేనిని ఏరుకొనగలడు?

ముందుగా మాటల సంగతి చెప్పుకొందము. ఉర్దూ, తెలుగు రెండును వినిపించు మన కళాశాలలో ఇది అప్రస్తుతము కాదు. దరఖాస్తు అను మాట పారశీకము నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. కోరిక, విన్నపము అని దాని భావము. అర్జీయు అట్టిదే. రెజ్యూమే అను ఫ్రెంచి మాటకు సంగ్రహమని అర్థము. కరిక్యులమ్ వీటే అను లాటిను పదమునకు జీవనగమనమని చెప్పవచ్చును. కావున విన్నపము వేరు, సంగ్రహము వేరు. విన్నపము చేయుటకు పత్రముతో జతచేయు ఉత్తరము ఉన్నది. పత్రములో మాత్రము, నేను ఇది నేర్చితిని, ఇది చేసితిని అని సంగ్రహముగా నిరూపించవలెను. మనవారిలో పెక్కుమంది ఈ రెండింటిని కలిపివేసి, కుటుంబపు ఇబ్బందులను, ఉద్యోగమెంత అవసరమో ఆ సంగతిని పత్రములోనే ఎక్కించుచున్నారు. ఆ ఇబ్బందులు నిజమే. కాని చదువువాని ప్రశ్న మరొకటి: ఇతడు నా పని చేయగలడా?

ఈ కిటుకు కొత్తది కాదు. 1482 ప్రాంతములో లియోనార్డో డావిన్సీ మిలాన్ పాలకుడైన లుదోవికో స్ఫోర్జా కొలువు కోరుచు వ్రాయించిన ఉత్తరపు చిత్తుప్రతి నేటికిని నిలిచియున్నది. చిత్రకారుడుగా లోకమెరిగిన ఆ మహానుభావుడు అందులో తేలికపాటి వంతెనల నిర్మాణము, కోటల ముట్టడి, ఫిరంగులు, యుద్ధశకటములు మొదలగు వాటిని గూర్చి వరుసగా చెప్పి, శాంతికాలమున భవనములు కట్టగలనని తెలిపి, చిత్రలేఖనము సంగతిని చివరకు నెట్టినాడు. యుద్ధభయముతో నున్న ప్రభువునకు ముందుగా ఏది కావలెనో అతడు గ్రహించినాడు. తనకు ప్రియమైనదానిని కాక, ఎదుటివానికి అక్కరకు వచ్చుదానిని ముందుంచుట, వివరపత్రము వ్రాయుటలో సగము పని ఇదియే.

మరి మన ఎదుట నున్నవారెవరు? మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము ఇపుడు వట్టి పల్లెసీమ కాదు. 1993లో స్థాపితమైన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసినది. ఆ సంస్థ కర్మాగారము మన మేడ్చల్ పొలిమేరలలోనిదే. 1999లో తుర్కపల్లి వద్ద మొదలైన జీనోమ్ వ్యాలీ నేడు టీకాలకు, ఔషధ పరిశోధనలకు పేరుగాంచినది. 2021 జనవరిలో అత్యవసర వినియోగానుమతి పొందిన కోవాగ్జిన్‌ను రూపొందించిన భారత్ బయోటెక్ అచ్చటనే కలదు. వీటికితోడు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, బిట్స్ హైదరాబాదు ప్రాంగణము, గుండ్లపోచంపల్లి వైపు వస్త్ర పరిశ్రమ, ఔటర్ రింగు రోడ్డును అంటియున్న గిడ్డంగులు ఉన్నవి. వీటన్నింటికి శాస్త్రజ్ఞులే అవసరమని తలపరాదు. నాణ్యతా పరీక్షకు, ప్యాకింగునకు, గిడ్డంగి లెక్కలకు, కార్యాలయపు పనులకు బి.ఎస్‌సి., బి.కాం., బి.ఏ. చదివినవారు కావలెను.

ఔషధ సంస్థల సంగతి కొంత విడమరచి చెప్పవలసియున్నది. ఔషధముల తయారీలో పాటింపవలసిన పద్ధతులను మన దేశములో ఔషధ నియమావళిలోని ఎమ్ షెడ్యూలు నిర్దేశించుచున్నది. దానిని 2023 డిసెంబరులో సవరించి మరింత కట్టుదిట్టము చేసినారు. ఏ పని ఎవరు ఎప్పుడు చేసినారో అప్పటికప్పుడే వ్రాసి సంతకము చేయవలెను. వ్రాయనిది జరుగనట్లే అనునది అచ్చటి వాడుక మాట. దిద్దుబాటు చేసినచో పాత అంకె కనబడునట్లే గీత గీసి, కొత్త అంకె ప్రక్కన తేదీ వేయవలెను. దినదినము ఇట్టి రికార్డులను తనిఖీచేయు కన్ను మన పత్రము మీద పడును. ఇంటర్మీడియట్ పూర్తియైన సంవత్సరము ఒకచోట 2019 అనియు వేరొకచోట 2020 అనియు ఉన్నచో, దానిని అచ్చుతప్పుగా అతడు భావించడు. రికార్డు వ్రాయుట రానివాడని తీర్మానించును. ఆ తీర్మానమును అన్యాయమని మేము అనజాలము.

ఇక "నాకు అనుభవమేమియు లేదు, ఏమి వ్రాయవలెను?" అను ప్రశ్న. దీనికొక ఉదాహరణము తీసికొందము. మేనమామ మందుల దుకాణములో రెండేండ్లపాటు సాయంకాలములు కూర్చున్న ఒక బి.ఎస్‌సి. విద్యార్థిని ఊహించుకొనుడు. అతడు తన పత్రములో ఆ సంగతియే వ్రాయడు. ఇంటి పని కదా, ఉద్యోగము కాదు కదా అని సంకోచము. ఒకవేళ వ్రాసినను "దుకాణములో సహాయము చేసితిని" అని మూడు మాటలతో సరిపెట్టును. అతడు నిజముగా ఏమి చేసినాడో అడిగి చూడుడు. గడువు తీరబోవు మందులను నెలనెలా వేరుచేసి, బ్యాచి నంబరుతో పట్టిక వ్రాసి ఏజెన్సీకి తిప్పి పంపినాడు. ఇన్సులిన్ ఉంచు ఫ్రిజ్జు 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నదా అని దినమునకు రెండుమార్లు చూచినాడు. కరెంటు పోయిన రోజున వాటిని మంచుపెట్టెలోనికి మార్చినాడు. తుర్కపల్లిలో తయారగు టీకాలలో అనేకములను భద్రపరచవలసినదియు ఆ 2 నుండి 8 డిగ్రీల మధ్యనే! శీతల గిడ్డంగిలో సహాయకుని కొరకు వెదకు సంస్థకు ఇంతకంటె సూటియైన అనుభవమేమి కావలెను? "2022 జూన్ నుండి 2024 మే వరకు, సాయంత్రము 5 నుండి 9 గంటల దాక, మందుల దుకాణములో గడువు తీరు నిల్వల పట్టిక, శీతల నిల్వల ఉష్ణోగ్రత పరిశీలన" అని ఇంగ్లీషులో రెండు వరుసలు వ్రాసినచో చాలును. మేనమామ దుకాణమని చెప్పనక్కరలేదు, అడిగినచో దాచనక్కరలేదు. అయితే చేసినదే వ్రాయవలెను. ఫ్రిజ్జు వైపు ఎన్నడును చూడనివాడు ఈ వరుసను ఎరువు తెచ్చుకొన్నచో ఇంటర్వ్యూలో రెండవ ప్రశ్నకే దొరకిపోవును.

బి.కాం. చదువు విద్యార్థిని తన వీధిలోని టెంట్ హౌసుకు జి.ఎస్.టి. బిల్లులు వ్రాసిపెట్టియుండవచ్చును, బి.ఏ. విద్యార్థి పదిమంది పిల్లలకు ట్యూషను చెప్పియుండవచ్చును. అన్నింటికిని అదే సూత్రము: ఎంతకాలము, ఎంతమందికి, ఏమి, ఎట్లు. విశేషణములు తీసివేసి అంకెలు పెట్టుడు. కష్టపడు స్వభావము, నాయకత్వ లక్షణము అను మాటలను ఎవరైనను వ్రాసికొనగలరు.

మన విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పవలసినది పేరు వ్రాయు తీరును గూర్చి. మొహమ్మద్ అను ఒక్క పేరును ఇంగ్లీషులో నాలుగైదు విధముల వ్రాయుదురు. సంక్షేపముగా రెండక్షరములతోను, నాలుగక్షరములతోను వ్రాయుదురు. పదవ తరగతి మెమోలో ఒక విధముగా, ఆధారు కార్డులో మరొక విధముగా, డిగ్రీ మెమోలో ఇంకొక విధముగా పేరున్న విద్యార్థులు ప్రతి తరగతిలోను కనబడుదురు. ఖాతూన్, బేగం అనునవి ఒకచోట ఉండును, ఒకచోట ఉండవు. ఇది ముస్లిం విద్యార్థుల చిక్కు మాత్రమే కాదు. తెలుగువారి ఇంటిపేరు మెమోలో ఒక్క పొడి అక్షరముగా ముందుండును, ఆధారులో పూర్తిగా విరిసి వెనుకకు పోవును. ఇంటర్వ్యూలో నెగ్గిన పిమ్మట ధ్రువపత్రముల పరిశీలనలోను, భవిష్యనిధి ఖాతా తెరచునపుడును ఈ భేదములు అడ్డుపడును. ఆ ఖాతాలోని పేరు ఆధారులోని పేరుతో సరిపోవలెను. కావున పదవ తరగతి మెమోలోని పేరునే పత్రముపై వ్రాసి, తక్కినవాటిని దానికి అనుగుణముగా చివరి సంవత్సరములోపుననే సరిచేయించుకొనుట మేలు. ఉద్యోగము వచ్చిన పిదప మీసేవా కేంద్రముల చుట్టు తిరుగుటకు సెలవు దొరకదు.

వ్రాయకూడనివియు కొన్ని కలవు. ఆధారు సంఖ్య, పాన్ సంఖ్య పత్రముపై ఉండరాదు. ఆ కాగితము ఎవరెవరి చేతులు మారునో తెలియదు. మతము, కులము, వివాహ వివరములు ప్రైవేటు సంస్థ దరఖాస్తునకు అవసరము లేదు. ప్రభుత్వోద్యోగముల మార్గము వేరు. అచ్చట నిర్ణీత ఫారమే గాని వివరపత్రము లేదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారము స్థానికతను నిర్ణయించునది 1 నుండి 7 తరగతుల చదువు గనుక, ఆ బోనఫైడులను భద్రపరచుకొనుట ముఖ్యము.

మతము వ్రాయకున్నను పేరే చెప్పును గదా అని విద్యార్థులు మమ్ము అడుగుదురు. ఈ ప్రశ్నను దాటవేయుట న్యాయము కాదు. ఆచార్య సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అను పరిశోధకులు 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక పరిశీలనను ప్రకటించినారు. పత్రికలలోని ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానార్హతలు గల దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపి చూచినారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోల్చినచో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చు అవకాశము దళిత పేరునకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరునకు సుమారు మూడింట ఒక వంతు మాత్రమే అని తేలినది. 2004లో బెర్‌ట్రాండ్, ముల్లైనాథన్ అనువారు అమెరికాలోని బోస్టన్, షికాగో నగరములలో చేసిన ప్రయోగములో తెల్లవారి పేర్లకు నల్లవారి పేర్లకంటె 50 శాతము ఎక్కువగా పిలుపులు వచ్చినవి. పైగా పత్రమును మెరుగుపరచినందువలన కలిగిన లాభమును తెల్లవారి పేర్లే అధికముగా పొందినవి. మన రాజ్యాంగములోని 16వ అధికరణపు రక్షణ ప్రభుత్వోద్యోగములకే పరిమితము.

కావున పత్రమొక్కటి బాగుపడినచో తలుపులన్నియు తెరుచుకొనునని మేము చెప్పము. పేరు మార్చుకొమ్మని అసలే చెప్పము. మనము చేయగలిగినది, కాగితమునకు ముందుగానే మనిషి కనబడు మార్గములను వెదకుట. ఈ ప్రాంతపు ఔషధ సంస్థలు తరచుగా వాకిన్ ఇంటర్వ్యూలు జరుపును. అచ్చట పత్రమును, అభ్యర్థిని ఒకేసారి చూతురు. అప్రెంటిసుగా కొన్ని నెలలు పనిచేసినవానిని పని చూచి తీసికొందురు. మూడు భాషలు వచ్చుట మన విద్యార్థుల సొత్తు. దానిని పత్రము అడుగున పడవేయక, ఏ భాష చదువగలరో, వ్రాయగలరో, మాటలాడగలరో స్పష్టముగా చెప్పవలెను. ఉర్దూ 2017 నుండి తెలంగాణమంతటను రెండవ అధికార భాష. ఆసుపత్రి కౌంటరులోను, బ్యాంకులోను, మందుల విక్రయములోను మూడు భాషలవాడు ముగ్గురి పెట్టు.

రూపమును గూర్చి రెండు మాటలు చాలును. కొత్తగా చదువు ముగించినవారికి ఒక పుట మించరాదు. 2018లో ఒక అమెరికా సంస్థ, ఒక్కొక్క పత్రము మీద మొదటి చూపు సగటున 7.4 సెకన్లు నిలుచునని ప్రకటించినది. ఆ లెక్క మన దేశమునకు అచ్చముగా సరిపోవునో లేదో గాని, ఎవరును తీరికగా చదువరను మాట నిజము. పెద్ద సంస్థలలో ముందుగా కంప్యూటరే చదువును. రంగుల గళ్ళు, రెండు వరుసల పట్టికలు దానిని తికమకపెట్టును. ప్రకటనలో ఏ పనిముట్టు పేరు, ఏ సాఫ్ట్‌వేరు పేరు ఉన్నదో, అది మీకు వచ్చినచో అదే పేరుతో వ్రాయుడు. ఫైలుకు మీ పేరు పెట్టుడు. ఈమెయిలు చిరునామా సినిమా నటుని పేరుతో ఉండరాదు.

తుదకు కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వివరపత్రములో చివర ఇద్దరు పరిచయస్థుల పేర్లు అడుగు సంస్థలు కలవు. మన విద్యార్థులలో అనేకులు తమ ఇండ్లలో డిగ్రీ చదువుచున్న మొదటి తరము వారు; ఉద్యోగములలో నున్న బంధువులు వారికి లేరు. అధ్యాపకులు తమ పేరు, కళాశాల ఫోను నంబరు ఇచ్చుటకు అనుమతించి, ప్రయోగశాలలో ఆ విద్యార్థి ఏయే పరికరములను స్వయముగా వాడినాడో తెలుపు ఒక పుట పత్రమును చివరి సెమిస్టరులో సంతకము చేసి ఇచ్చు ఏర్పాటు చేసినచో మేలు. ఇందుకు ప్రత్యేక నిధులు అక్కరలేదు. ప్రాక్టికల్ రికార్డు పుస్తకములు ఇప్పటికే మన బీరువాలలో ఉన్నవి. వాటినుండి ఆ వివరములను ఎత్తి వ్రాయుటకు విభాగమునకు ఒక గుమాస్తా, రెండు వారముల కాలము సరిపోవును.