పిట్ట లేదు... కూత ఉంది!

పాతబస్తీ బహదూర్‌పురాలో నెహ్రూ జూపార్కు తెరిచింది 1963లో. హిచ్‌కాక్ 'ది బర్డ్స్' విడుదలైందీ ఆ ఏడే! జూలో కూతలన్నీ అసలువి. తెరమీద గుండెలదరగొట్టిన ఆ అరుపుల్లో చాలావాటికి మాత్రం పిట్టతో పనే లేదు. బెర్లిన్‌లో ఆస్కార్ సాలా 'ట్రాటోనియం' అనే ఎలక్ట్రానిక్ వాద్యంపై పలికించినవవి!

కిటుకేమిటంటారా? ఒక సర్క్యూట్ స్వరం పుట్టిస్తుంది. రెండోది నిదానంగా దాన్ని పైకీ కిందికీ ఊపుతుంది. రెండు 555 ఐ.సి.లు, కాసిని రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఓ బుల్లి స్పీకరు ఉంటే కిచకిచలు మీ ఇంట్లోనే!

చిక్కల్లా ఒక్కటే. సర్క్యూట్ ప్రతిసారీ ఒకేలా కూస్తుంది. పిట్ట అలా కూయదు. చెవి ఇట్టే పట్టేస్తుంది. సాలా తీగను వేలితో నొక్కి వాయించాడు. ఆ కూతలకు ప్రాణం పోసింది ఆ వేలే! నమ్మరా? ఓ ఆదివారం జూకెళ్ళి, కళ్ళు మూసుకుని వినండి!