బెండును పారవేయకుడు!

బాలబాలికలారా! అమెరికా ఈశాన్యముననున్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతములో చౌడర్ అను చిక్కని సూపు ప్రసిద్ధము. మొక్కజొన్న చౌడరును మీ ఇంట నలుగురికి సరిపడ వండు విధము తెలిసికొనుడు.

4 లేత పొత్తులను కొన్ననాడే వాడుడు. కోసినది మొదలు గింజలలోని చక్కెర పిండిగా మారుచు, తీపి తగ్గును. పెద్దలచేత గింజలు కోయించుకొని, మిగిలిన బెండ్లను 3 కప్పుల నీటిలో 20 నిమిషములు మరిగించి తీసివేయుడు. వాటి రుచి నీటిలోనికి దిగును. బీరకాయ పొట్టుతోనూ పచ్చడి చేయు మన పెద్దలకు ఈ పొదుపు కొత్త కాదు.

2 చెంచాల వెన్నలో ఒక ఉల్లిపాయ తరుగును వేయించి, 2 బంగాళాదుంపల ముక్కలు వేసి, ఆ నీరు పోసి ఉడికింపుడు. ముక్కలు మెత్తబడిన పిమ్మట గింజలు వేసి 5 నిమిషములు ఉంచుడు. కొన్ని దుంపముక్కలను గరిటెతో మెదుపుడు. వాటిలోని పిండిపదార్థమే సూపును చిక్కపరచును, మైదా అక్కరలేదు.

చివర మంట తగ్గించి 2 కప్పుల పాలు, తగినంత ఉప్పు, మిరియాలపొడి కలుపుడు. పాలు పోసిన పిదప తెర్లనీయరాదు; తెర్లినచో విరుగవచ్చును. వేడెక్కగానే దించి, ఇంటిల్లిపాదికి వడ్డింపుడు.