గాయం తీవ్రతను ట్రిబ్యునల్‌లో నిరూపించడం ఎలా?

ఎముక విరిగితే అది తీవ్రగాయమే. నేర విచారణకు ఆ మాట చాలు. కాని నష్టపరిహారం నిర్ణయించే మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ మరొక ప్రశ్న వేస్తుంది: ఆ గాయం వల్ల బాధితుని సంపాదన శాశ్వతంగా ఎంత తగ్గింది?

వైద్యుడు చెప్పే వైకల్య శాతం వేరు, సంపాదన శక్తి తగ్గిన శాతం వేరు అని 2010లో సుప్రీంకోర్టు స్పష్టపరచింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరు బతుకుతెరువే కోల్పోతాడు. గుమాస్తా తన ఉద్యోగంలో కొనసాగవచ్చు.

సామల్పట్టి ప్రాంతంలో నెలకు 10,000 రూపాయలు సంపాదించే 35 ఏళ్ల మామిడికోత కూలీని ఉదాహరణగా తీసుకుందాం. కారు ఢీకొని అతని మోకాలు వంగకుండా పోయింది. వైద్యుడు మొత్తం శరీరానికి 20 శాతం వైకల్యమని రాశాడు. ఏడాది సంపాదన 1,20,000. ఆ వయసుకు గుణకం 16. ఈ లెక్కన వచ్చేది 3,84,000 రూపాయలు. చెట్టెక్కలేడని, బరువు మోయలేడని రుజువై ట్రిబ్యునల్ 45 శాతం నష్టంగా అంగీకరిస్తే అది 8,64,000 అవుతుంది. చికిత్స ఖర్చులు వేరు.

కూలీలకు జీతపు చీటీ ఉండదు. అంతమాత్రాన నిరాశ పడనక్కరలేదు. కాలు కోల్పోయిన కర్ణాటక కూరగాయల వ్యాపారి కేసులో 2014లో సుప్రీంకోర్టు, లిఖిత ఆధారం లేకపోయినా నెలకు 6,500 రూపాయల ఆదాయాన్ని, 85 శాతం నష్టాన్ని అంగీకరించింది. అయినా పని ఇచ్చిన రైతునో మేస్త్రీనో సాక్షిగా నిలపడం మేలు.

భద్రపరచవలసినవి ఇవి: ఎఫ్‌.ఐ.ఆర్. ప్రతి, ఆసుపత్రిలో మొదట రాసిన ప్రమాద నమోదు ప్రతి, గాయాల ధ్రువపత్రం, ఎక్స్‌రేలు, డిశ్చార్జి పత్రం, మందుల రశీదులు. ఎఫ్‌.ఐ.ఆర్. తమిళంలో ఉంటుంది కనుక సంతకానికి ముందే చదివించుకుని, వాహనం నంబరు, గాయాల వివరం సరిచూసుకోవాలి. ఫిర్యాదుదారునికి దాని ప్రతి ఉచితంగా ఇవ్వాలి.

వైకల్య పత్రం దాఖలు చేసినంత మాత్రాన రుజువు కాదు. చికిత్స చేసిన లేదా పరీక్షించిన వైద్యుడు సాక్ష్యమిచ్చి, ఎదుటి న్యాయవాది ప్రశ్నలకు జవాబు చెప్పాలి. బెంగళూరులోనో కుప్పంలోనో చికిత్స పొందినవారు ఈ సంగతి ముందుగానే న్యాయవాదికి తెలపాలి. వైద్యుడు రాలేకపోతే కమిషన్ ద్వారా సాక్ష్యం నమోదు చేయించవచ్చు.

ప్రమాదం సరిహద్దు అవతల జరిగినా, బాధితుడు తాను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన సవరణ ఇందుకు ఆరు నెలల గడువు విధించింది. ఆ గడువుపై సుప్రీంకోర్టులో వివాదం నడిచినా, దానిని నమ్ముకుని ఆలస్యం చేయరాదు. కట్టు విప్పేదాకా ఆగకుండా, పత్రాల సేకరణ మొదటి వారంలోనే ఆరంభించడం క్షేమం.