ఆకుకూరకు నూనె తోడు

మా మద్రసా వసతిగృహంలో పదేళ్ల విద్యార్థి ఒకడు మగ్‌రిబ్ వేళ వజూకు వెళ్తూ మెట్లు కానరాక తడబడేవాడు. వైద్యులు రేచీకటి అన్నారు. మేము విస్తుపోయాము. వారంలో నాలుగు రోజులు తోటకూరో పాలకూరో వండించే వంటశాల మాది! అయితే ఖర్చు తగ్గించాలని ఆకును నీళ్లలో ఉడికించి ఉప్పూ కారమూ కలిపి వడ్డించేవారము. నూనె పేరుకు మాత్రమే.

ఆకుకూరల్లో ఉండేది సిద్ధమైన విటమిన్ ఎ కాదు, బీటా కెరోటిన్. దానిని విటమిన్‌గా మార్చుకొనే పని ముఖ్యంగా పేగులది. కెరోటిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. భోజనంలో కొవ్వు ఉంటేనే పిత్తరసం తగినంతగా పేగులోకి దిగి, కెరోటిన్ శరీరానికి అందుతుంది. లేకుంటే అధికభాగం మలంతో వెలుపలికి పోతుంది. పైగా అది ఆకు కణాలలో చిక్కుకొని ఉంటుంది. నూనెలో కరిగిన బీటా కెరోటిన్ 2 మైక్రోగ్రాములు చేసే పనికి ఆహారంలోనిది 12 మైక్రోగ్రాములు కావాలని 2001లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ లెక్కగట్టింది. మెత్తగా ఉడికించి మెదిపితే కొంత మేలు.

మాంసకృత్తులు మరీ కొరవడినా చిక్కే. కాలేయంలో నిల్వ ఉన్న విటమిన్‌ను రక్తంలో మోసుకుపోయేది ఒక మాంసకృత్తే. గుడ్డు, పాలు, కలేజీలలో విటమిన్ సిద్ధంగానే ఉంటుంది. గర్భిణులు మాత్రం కలేజీ విషయంలో వైద్యులను అడగాలి.

బాలునికి వైద్యులు మందిచ్చారు. రేచీకటికి వంట ఒక్కటే చాలదు. ఇప్పుడు మా తోటకూర పప్పుతో కలిసి ఉడుకుతున్నది. తాలింపులో మనిషికొక చెంచా నూనె పడుతున్నదో లేదో మేమే నిలబడి చూస్తున్నాము. వంటమనిషికి అది కొంచెం చిరాకే.