అమ్మ చిక్కుడు గింజలు

2016లో ఉద్యోగం విరమించి తెనాలి దగ్గర మా వూరు చేరగానే మా ఆవిడ ముందు ఒక ప్రతిజ్ఞ చేశాను. "ఇక మన యింట్లోకి బజారు కూర రాదు" అని. ఆవిడ నవ్వి వూరుకుంది. ఆ నవ్వుకు అర్థం తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మా పెరడు అయిదు సెంట్లు. అంటే 242 గజాలు. ఒక మూల బావి, ఒక మూల వేపచెట్టు. అమ్మ వున్న రోజుల్లో అక్కడ ఏడాది పొడుగునా ఏదో ఒక కూర వుండేది. అమ్మ 2009లో పోయింది. తాళం వేసిన ఆ ఏడేళ్ళలోనూ ఆ పెరట్లో పండినవి పల్లేరుకాయలు, ఉమ్మెత్తకాయలూ మాత్రమే.

అటక మీద అమ్మ విత్తనాల కుండ దొరికింది. ఆత్రంగా మూత తీస్తే చిక్కుడు గింజలన్నీ పుచ్చులే. బాగున్నవి పదిహేను ఏరి తడిగుడ్డలో కట్టి చూశాను. ఒక్కటీ మొలకెత్తలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

సరే, పట్నం వెళ్ళి రంగురంగుల పొట్లాలు కొని తెచ్చాను. వంకాయలు విరగకాశాయి. వాటి గింజలే దాచి మరుసటి ఏడు వేస్తే ఒక మొక్కకు గుండ్రటివి, ఒకదానికి పొడుగువి, ఇంకొకదానికి అసలు లేవు! సంకరజాతి విత్తనాల తీరే అంత. మొదటి తరం ఒక్క పోలికన కాస్తుంది, ఆ పిల్లలు తలా ఒక పోలికన పుడతాయి. అందుకే ఏటా కొనుక్కోవాలి.

సంతలో కొన్న చిక్కుడు మాఘంలో వేశాను. పందిరంతా పాకింది గాని పువ్వు లేదు. విసుగెత్తి పీకబోతుంటే గోడ అవతలినుంచి పక్కింటి పెద్దమ్మ కేక వేసింది.

"అదేమిటి నాయనా! కార్తీకం రావద్దూ?"

నిజమే. పాతరకం చిక్కుడు పగలు కురచైతే గాని పూయదు. ఆషాఢ శ్రావణాల్లో గింజ వేస్తే చలికాలంలో కాపు. మాఘంలో వేసి జ్యేష్ఠంలో కాయలడిగితే ఎక్కడినుంచి తెస్తుంది?

"అయినా సంత గింజలెందుకురా? మీ అమ్మ యిచ్చిన తీగ మా దొడ్లో ఏటా కాస్తూనే వుందిగా" అన్నది పెద్దమ్మ. గుప్పెడు గింజలు తెచ్చి నా చేతిలో పోసి, "ఎవరన్నా అడిగితే లేదనకు" అని మాత్రం చెప్పింది.

ఇక నేలకు ఏం పెట్టానో చెబుతాను. ఆకూ అలమూ, వంటింటి తుక్కూ ఒక గోతిలో వేసి కుళ్ళనిచ్చాను. జీవామృతానికి పాలేకర్ గారు యెకరానికి చెప్పిన కొలత 200 లీటర్ల నీరు. మా అయిదు సెంట్లకు అందులో ఇరవయ్యో వంతు చాలు. 10 లీటర్ల నీళ్ళలో అరకిలో ఆవుపేడ, అరలీటరు పంచితం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, చిటికెడు గట్టుమన్ను. పూటకొకసారి కలియబెడుతూ రెండు రోజులు నీడలో వుంచి మొక్కల మొదట్లో పోస్తాను. రెండేళ్ళకు మట్టి గుల్లబారి వానపాములు కనబడ్డాయి.

ఆ ఏడు రథసప్తమికి మా ఆవిడ మా పందిరి కాయలకే చీపురుపుల్లలు గుచ్చి రథం చేసింది. మా చిక్కుడాకుల్లోనే పరమాన్నం నైవేద్యం పెట్టింది. అమ్మ చేసినట్టే.

గింజ దాచే పద్ధతి కూడా పెద్దమ్మే నేర్పింది. మంచి తీగను ఎంచి, ముందు కాసిన నిండుకాయలను కొయ్యకుండా తీగమీదే యెండనివ్వాలి. గింజలు వొలిచి ఆరబెట్టి, జల్లించిన బూడిదలో కలిపి కుండలో పోసి మూతి గట్టిగా కట్టాలి. వేసేముందు పది గింజలు తడిగుడ్డలో కట్టి చూడాలి. ఏడెనిమిది మొలిస్తే నిశ్చింత.

పెద్దమ్మ యిప్పుడు లేదు. ఆమె దొడ్లో మేడ లేచింది. ఆమె మాట ప్రకారం అడిగినవారికల్లా గింజలు యిస్తూ వచ్చాను. 2024లో కుండలో వున్నవన్నీ వేసేశాను. సెప్టెంబరు మొదట్లో కురిసిన పెద్దవానలకు పెరట్లో మూడు రోజులు నీళ్ళు నిలిచాయి. తీగలన్నీ కుళ్ళిపోయాయి. ఖాళీ కుండ ముందు కూర్చుంటే అమ్మను రెండోసారి పోగొట్టుకున్నట్టయింది.

రెండు రోజులు పోయాక మెరకవీధి కోడలుపిల్ల ఒకతె కాగితం పొట్లంతో వచ్చింది. "బాబాయిగారూ! పోయినేడు మీరిచ్చినవే. మా దొడ్లో పందిరికి సరిపోగా మిగిలాయి" అన్నది. నెలాఖరుకు వేశాను. 2025 రథసప్తమినాటికి రథానికి సరిపడా కాశాయి.

ఇంతకూ నా ప్రతిజ్ఞ ఏమయిందంటారా? బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు యిప్పటికీ బజారునుంచే వస్తున్నాయి. అయిదు సెంట్లు ఇద్దరికి ఆకుకూరలూ, నాలుగు రకాల కాయలూ యివ్వగలవు గాని సంసారమంతా మోయలేవు. సంచీ చేతికిచ్చి పంపేటప్పుడు మా ఆవిడ అదే నవ్వు నవ్వుతుంది.

కుండలో మాత్రం ఈ ఏడు గింజలున్నాయి. మా వూళ్ళో మరో పదకొండు యిళ్ళలోనూ వున్నాయి.